ఓడిన పిల్లకే పాట

ఇద్దరు అక్కాచెల్లెండ్లు కొట్లాడుకుంటున్నారంటే దానికి కారణం మగవాడే అయి ఉండాలని కామారెడ్డి–ఎల్లారెడ్డి సంయుక్త కళావికాస సమితి తన పదకొండవ అత్యవసర సమావేశంలో ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆస్తి తగాదా కూడా కావచ్చు కదా అని ఒక సహాయ కార్యదర్శి సందేహం వెలిబుచ్చాడు గానీ, ఆస్తి తగాదాలు అన్నదమ్ముల పద్దు కిందికి వస్తాయని అధ్యక్షుడు కృష్ణమోహన్ గారు వివరించగానే సందేహాన్ని ఉపసంహరించుకున్నాడు. తీర్మానం కింద ముప్పైమూడు సంతకాలు పడ్డాయి. సమితిలో ఉన్నదే ముప్పైమూడు మంది, అందరూ పదవుల్లో ఉన్నవాళ్లే. ఉత్త సభ్యుడుగా ఉండడానికి ఎవరూ ఒప్పుకోలేదు. కళాకారులను మాత్రం అవసరమైనప్పుడు బయటి నుంచి తెప్పించుకుంటారు.

ఆ కొట్లాడుకున్న ఇద్దరిలో పెద్దది సాయిలత. ఆమె కామారెడ్డి ఫంక్షన్ హాలు తలుపు ఇవతల నిలబడి ఈ తీర్మానం మొత్తం విన్నది. పిలిచి అడిగితే అసలు సంగతి చెబుదామని గంటసేపు అక్కడే ఉంది. ఎవరూ పిలవలేదు. సంగతి తెలిసినవాళ్లను లోపలికి రానిస్తే చర్చ సాగదని సమితికి అనుభవం.

సంగతి చాలా చిన్నది. గడియారాలు బాగుచేసే గౌస్ దగ్గర ఒక పాత నాటకం ఉంది. ఆయన ఉస్తాదు నిజాం కాలంలో, పంతొమ్మిది వందల నలభై ఆరులో రాసిన పాటల నాటకం. పేరు 'ఇద్దరు పిల్లలు, ఒక టికెట్ కలెక్టరు'. ఎల్లారెడ్డిలో ఇద్దరు అక్కాచెల్లెండ్లు ఉంటారు. కామారెడ్డి స్టేషనుకు నల్లకోటు వేసుకున్న టికెట్ కలెక్టరు కొత్తగా వస్తాడు. ఎల్లారెడ్డికి అప్పుడూ రైలు లేదు, ఇప్పుడూ లేదు కాబట్టి రైల్వే ఉద్యోగి అంటే అక్కడి పిల్లలకు ఎంత మోజు ఉండేదో మీరు ఊహించుకోవచ్చు. ఇద్దరూ అతని మీద మనసు పడతారు, ఒకరి పెట్టుడు జడ ఒకరు దాచేస్తారు, ఒకరి ఉత్తరాలు ఒకరు చదువుతారు, పద్నాలుగు పాటలు పాడుకుంటారు. చివరికి చెల్లె గెలుస్తుంది. అక్క ఓడిపోతుంది. ఓడిపోయిన అక్క ఖాళీ ప్లాట్‌ఫారం మీద ఒంటరిగా నిలబడి పదిహేనో పాట పాడుతుంది.

ఆ పదిహేనో పాటే అసలు సంగతి.

"గెలిచినదానికి మొగడు దొరికిండు, ఇంకేం గావాలె బేటా? ఓడినదానికే పాట. మా ఉస్తాదు చేసిన న్యాయం గది," అని గౌస్ హార్మోనియం ముందు కూర్చుని చెప్పాడు. ఆ పాటను ఆయన డెబ్బై రెండేళ్లు వచ్చేదాకా ఎవరికీ నేర్పలేదు. ఒక్క గొంతుకే ఇస్తానని పట్టుబట్టి కూర్చున్నాడు.

*బండి పోయిన పట్టాల మీద వెన్నెల నాదే, వెన్నెల నాదే*
*దండ పడిన మెడకేం తెలుసు, గొంతుక నాదే, గొంతుక నాదే*

రెండోసారి 'గొంతుక నాదే' దగ్గర రాగం ఎక్కడికో పోతుంది. మామూలు మనిషి అక్కడిదాకా పోయి తిరిగి రావడం కష్టం. సాయిలత మొదటిసారి విన్నప్పుడే ఆమె ఒళ్లు ఝల్లుమంది. ఇన్నాళ్లూ తన గొంతు ఎందుకు ఉందో ఇప్పుడు తెలిసింది అనుకుంది. పక్కనే కూర్చున్న చెల్లె నిరోష కూడా సరిగ్గా అదే అనుకుంది. ఇద్దరూ ఒక తల్లి పిల్లలు కదా.

వాళ్ల తల్లి యాదవ్వ ఎల్లారెడ్డిలో బీడీలు చుడుతుంది. సాయిలత బస్టాండు దగ్గర ఆన్‌లైన్ సెంటర్లో ఆధార్ కార్డుల తప్పులు సరిచేస్తుంది, నిరోష గాజుల దుకాణంలో కూర్చుంటుంది. చిన్నప్పటి నుంచి తల్లి బీడీల చాట ముందు కూర్చుని ఇద్దరూ పాడేవాళ్లు. పాట జోరుగా ఉంటే యాదవ్వ చేతిలో బీడీలు జోరుగా సాగేవి. దుఃఖపు పాట అందుకుంటే ఆ రోజు కట్టలు తగ్గేవి. అందుకని ఇంట్లో దుఃఖపు పాటలు ఆదివారాలే. చదువుల దగ్గర, బట్టల దగ్గర, ఆఖరికి ఫోను దగ్గర కూడా ఎన్నడూ తగాదా పడని అక్కాచెల్లెండ్లు గౌస్ పాట దగ్గర తగాదా పడ్డారు. గౌస్ అక్క పాత్ర సాయిలతకు, చెల్లె పాత్ర నిరోషకు ఇచ్చాడు. అంటే పాట సాయిలతకు, టికెట్ కలెక్టరు నిరోషకు. నిరోష ససేమిరా అంది.

"నువ్వు పెద్దదానివి అక్కా. పెండ్లి ముందుగాల నీదే గావాలె. నువ్వే చేసుకో వాన్ని."

"నాకెందుకు వాడు? నీకు వచ్చిండు, నువ్వే చేసుకో."

"నాకద్దు. నువ్వు చేసుకో."

ఈ సంభాషణ ఫంక్షన్ హాల్లో రిహార్సల్ మధ్యలో, మైకు ఆన్‌లో ఉండగా జరిగింది. సమితి పెద్దలు పరుగెత్తుకొచ్చారు. మాకు పిలగాడు వద్దు, పాట కావాలని ఇద్దరూ ఒకే మాటగా, విడమరిచి, రెండేసి సార్లు చెప్పారు. పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకుని చిరునవ్వు నవ్వారు. అక్క కోసం చెల్లె, చెల్లె కోసం అక్క ప్రేమను త్యాగం చేసుకుంటున్నారని, పైకి పాట అని చెబుతున్నారని వాళ్లకు క్షణంలో అర్థమైపోయింది. కోశాధికారి కళ్లు తుడుచుకున్నాడు. అలా పుట్టిందే పదకొండవ అత్యవసర సమావేశం.

ఇక ఇద్దరూ ఎవరి కోసం త్యాగం చేసుకుంటున్నారో ఆ జీవన్ గురించి కూడా చెప్పాలి. నాటకంలో టికెట్ కలెక్టరు వేషం అతనిదే. బయట ప్లాట్లు అమ్మిస్తాడు. కామారెడ్డి నుంచి లింగంపేట దాకా రోడ్డు పక్కన ఎక్కడ జెండాలు పాతి ఉన్నా ఒక చెయ్యి అతనిదే. ఇంకా కట్టని గేటు, ఇంకా వెయ్యని రోడ్డు, ఇంకా నాటని చెట్లు కొనేవాళ్లకు చూపించడం అతని పని. కాబట్టి లేని ప్రేమ అతనికి కనబడడంలో వింత లేదు. మొత్తం జిల్లాలో ఇంత నిగర్వి దొరకడు. ఇద్దరు ఆడపిల్లలు తన కోసం కొట్టుకు చస్తున్నా, దాన్ని స్నేహితులకు, చుట్టాలకు, ఇద్దరు బస్సు కండక్టర్లకు తప్ప ఎవరికీ చెప్పుకోలేదు.

సమావేశం రెండో తీర్మానం కూడా చేసింది. పెద్దపిల్ల ఉండగా చిన్నపిల్ల పెండ్లి జరగడం నాటకంలో అయినా మన సంప్రదాయానికి విరుద్ధం కాబట్టి, పైగా సాయిలత మనసులో మాట పైకి చెప్పుకోలేక పాట పాట అని కుమిలిపోతున్నది కాబట్టి, ఆమెకు న్యాయం చేయాలని నిర్ణయించారు. నాటకంలో అక్కే గెలుస్తుంది. చెల్లె ఓడిపోతుంది. రచయిత చనిపోయి యాభై ఏళ్లు దాటినా ఇంతవరకు అభ్యంతరం తెలపలేదు గనుక ఆయన సమ్మతి ఉన్నట్టే లెక్క వేశారు.

అంటే న్యాయం పేరు మీద సాయిలత చేతిలో టికెట్ కలెక్టరును పెట్టి, పాటను తీసుకెళ్లి నిరోషకు ఇచ్చారు. నిరోష ఎగిరి గంతేసింది. ఎల్లారెడ్డి పోయే బస్సులో అక్కాచెల్లెండ్లు వేర్వేరు సీట్లలో కూర్చున్నారు. సాయిలత కిటికీలోంచి చూస్తూ దారంతా ఏడ్చింది. సంతోషంతో ఏడుస్తున్నదని కండక్టరు పక్కవాళ్లకు చెప్పాడు.

గౌస్‌ను అడిగితే ఆయన తల వంచుకున్నాడు. నాటకం ఆడించేవాళ్లు సమితివాళ్లు. ఆయన చేతిలో ఉన్నది హార్మోనియం ఒక్కటే.

మూడో తీర్మానం సమితి పుస్తకంలో లేదు. అది పోచన్న సొంత తీర్మానం. పోచన్న అంటే జీవన్ తండ్రి, కులపెద్ద, టెంటు హౌసు యజమాని. కుర్చీలు, మైకు, పందిరి అన్నీ ఆయనవే కావడంతో నాటకంలో పిలగాని తండ్రి వేషం ఆయనకు ఇవ్వక తప్పలేదు. ఆరో రంగంలో ఆయన పిల్ల ఇంటికి సంబంధం మాట్లాడడానికి వస్తాడు. అక్కడ పప్పు బుక్కుడు ఉంటుంది.

పప్పు బుక్కుడు అంటే తెలియని పట్నంవాళ్ల కోసం ఒక్క మాట. మాటా ముచ్చటా కుదిరాక పళ్లెంలో పుట్నాల పప్పు, చక్కెర పోసి మధ్యలో పెడతారు. పది మంది చూస్తుండగా పిల్ల తరఫువాళ్లు, పిలగాని తరఫువాళ్లు తలా పిడికెడు నోట్లో పోసుకుంటారు. అంతే, సంబంధం ఖాయం. ఆ తర్వాత మాట తప్పినవాడికి కులంలో మంచినీళ్లు కూడా పుట్టవు. సంతకం పెట్టి తప్పించుకున్నవాళ్లు ఉన్నారు, కోర్టులో గెలిచి తప్పించుకున్నవాళ్లు ఉన్నారు గానీ, పుట్నాలు బుక్కి తప్పించుకున్నవాడు లేడు.

నాటకం సహజంగా ఉండాలని, పిల్ల తల్లి వేషం పిల్ల తల్లే వేయాలని పోచన్న సూచించాడు. సమితి చప్పట్లు కొట్టింది. యాదవ్వను పిలిపించారు. చాట ఒడిలో లేకుండా కూర్చోవడం తన వల్ల కాదని ఆమె అంది. చాటతోనే కూర్చోమన్నారు, పాతకాలపు వాతావరణం వస్తుందని. ఆ సాయంత్రం పోచన్న తన ఇంటికి పోయి, నాటకంలో ఒకసారి, ఇంట్లో ఒకసారి రెండు ఖర్చులెందుకు, పుట్నాలు నిజంవే తెస్తాను, కులపెద్దలను ముందువరుసలో కూర్చోబెడతాను, అక్కడే ఖాయం చేసేద్దాం అని కొడుకుతో అన్నాడు. జీవన్ ఈ శుభవార్త సాయిలతకు స్వయంగా ఫోన్ చేసి చెప్పాడు. పెండ్లయ్యాక స్టేజీ ఎక్కడం బాగుండదు గానీ ఇంట్లో పాడుకుంటే తాను అడ్డం చెప్పనని కూడా హామీ ఇచ్చాడు. అంత విశాల హృదయం అతనిది.

సాయిలత తల్లి దగ్గర కూర్చుంది. "అమ్మా, ఆయన నిజంగనే పప్పు తెస్తుండట."

యాదవ్వ ఇంకో ఆకు కత్తిరించింది. "పిలగాడు చెడ్డోడేం గాదు గదనే," అంది.

"చెడ్డోడని నేనన్ననా? నాకు పాట గావాలె."

యాదవ్వ బీడీకి దారం చుట్టి పక్కన పెట్టింది. ఆ రోజు కట్టలు తగ్గాయి.

ఈలోగా సమితివారి పాతకాలపు వాతావరణ ఉపసంఘం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. లాంతర్లలో ఎల్‌ఈడీ బల్బులు పెట్టించింది. గ్రామఫోను పెట్టెలో బ్లూటూత్ స్పీకరు బిగించింది. వీటన్నిటినీ మించి, పాతకాలం ఉట్టిపడాలని ఫ్లెక్సీలను నలుపు తెలుపులో కొట్టించింది. మధ్యలో నిలువెత్తు కృష్ణమోహన్ గారు, మెడలో పూలదండ, కింద "ఎల్లారెడ్డి ఫంక్షన్ హాల్లో ఆదివారం ఉదయం పది గంటలకు, అందరూ రావలెను".

మన ఊళ్లలో ఫ్లెక్సీ మీద ఫొటో రంగుల్లో ఉంటే పుట్టినరోజు, నలుపు తెలుపులో ఉంటే పదకొండో రోజు. చిన్నపిల్లలకు కూడా తెలిసిన ఈ సంగతి ఉపసంఘానికి తట్టలేదు. ఫ్లెక్సీలు కట్టిన మర్నాడు పొద్దున తొమ్మిదింటికల్లా కృష్ణమోహన్ గారి ఎరువుల దుకాణానికి పక్క దుకాణాలవాళ్లే సంతాప సూచకంగా షట్టరు దించేశారు. మద్నూర్ నుంచి చుట్టాలు జీపు మాట్లాడుకుని వచ్చారు. దుబాయి నుంచి ఒకాయన ఫోన్‌లో మూడు నిమిషాల ఏడుపు పంపించాడు. పదేళ్లుగా మాటల్లేని ప్రత్యర్థి కూడా ఆయన లేని లోటు పూడ్చలేనిదని రాశాడు. కృష్ణమోహన్ గారు అవన్నీ ఒక్కొక్కటిగా చదువుకుని చలించిపోయారు. తాను ఇంత గొప్పవాడినని ఆయనకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. బతికే ఉన్నానని వెంటనే చెప్పడం మర్యాద కాదని సాయంత్రం దాకా ఊరుకున్నారు. కొందరు వచ్చి, గుమ్మంలో ఆయననే చూసి, వచ్చాక ఊరికే పోవడం ఎందుకని చాయ్ తాగి, ఆయన పోయినందుకు ఆయనకే ఓదార్పు చెప్పి వెళ్లారు. ఆ సందేశాలన్నీ నాటకానికి ముందు వేదిక మీద చదివించాలని సమితి నాలుగో తీర్మానం చేసింది.

ఆదివారం వచ్చింది. వేదిక మీద నలభై ఒక్క కుర్చీలు వేశారు. పది గంటలకు దీపం వెలిగించారు. సంతాప సందేశాలు పన్నెండున్నర దాకా నడిచాయి. తర్వాత శాలువాలు కప్పారు. శాలువా కప్పించుకున్నవారు కప్పినవారికి తిరిగి కప్పడం ఆనవాయితీ కాబట్టి అది రెండింతలైంది. కృష్ణమోహన్ గారు ముగింపు ఉపన్యాసంలో, "ఈ నాటకాన్ని నేనింకా చూడలేదు, చూడవలసిన అవసరం కూడా లేదు, మన సంస్కృతి ఎంత గొప్పదో చూడకుండానే చెప్పవచ్చు" అని సభను ఉర్రూతలూగించారు. ప్రేక్షకులు మధ్యలో లేచి భోజనం చేసి వచ్చారు. వేదిక మీదివారు మాత్రం కదల్లేదు. లేస్తే కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారని నలభై ఒక్కమందికీ తెలుసు. అలా పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్ల మీదే కళాసేవ చేశారు.

మూడు గంటలకు, నాటకం మొదలవుతుంది, దయచేసి పెద్దలు కిందికి దిగాలని మైకులో వేడుకున్నారు. ఎవరూ దిగలేదు. దిగినవాణ్ని మళ్లీ ఎక్కనిస్తారన్న నమ్మకం ఎవరికీ లేదు. చివరికి కుర్చీల ముందు మిగిలిన నాలుగడుగుల జాగాలోనే ఆట మొదలుపెట్టారు. మొదటి రంగం రైల్వే స్టేషను కాబట్టి పెద్దలు ప్రయాణికుల కింద సరిపోయారు. జీవన్ ఒక వకీలు దగ్గర అడిగి తెచ్చిన నల్లకోటు, చలువ కళ్లద్దాలు, చెవి పక్కన గీత గీయించిన క్షవరంతో పంతొమ్మిది వందల నలభై ఆరులోకి నడిచి వచ్చాడు. రాసి ఉన్న ప్రకారం టికెట్లు అడిగాడు. తనను టికెట్ అడుగుతావా అని ఒక ముఖ్య అతిథి అలిగాడు. పైన డ్రోన్ కెమెరా తిరుగుతూ నిజాం కాలాన్ని చిత్రీకరించింది.

అక్కాచెల్లెండ్లు ఎంత బాగా కొట్లాడారో చెప్పలేను. జడలు దాచుకున్నారు, ఉత్తరాలు లాక్కున్నారు. పద్నాలుగు పాటలకూ జనం ఈలలు వేశారు. సాయిలత తెర పక్కనుంచి చూస్తే ముందువరుసలో కొత్త రుమాళ్లు చుట్టుకున్న ఐదుగురు కులపెద్దలు కనబడ్డారు. వాళ్లు నాటకం చూడడానికి వచ్చిన మనుషుల్లా లేరు.

ఆరో రంగం వచ్చింది. పోచన్న ఇత్తడి పళ్లెం నిండా పుట్నాలు, మీద చక్కెర పోసుకుని వేదిక ఎక్కాడు. యాదవ్వ ఒడిలో చాట పెట్టుకుని కూర్చుంది. ఆమె పక్కన పట్టుచీరలో సాయిలత. పోచన్న గొంతు సవరించుకుని, పుస్తకంలోని పేర్లు వదిలేసి, నేరుగా అందుకున్నాడు.

"పది మంది ముంగట అడుగుతున్న యాదవ్వా. నీ పెద్దబిడ్డను నా కొడుక్కిస్తున్నవు. పప్పు బుక్కు."

ఎంత సహజంగా చేస్తున్నాడని జనం చప్పట్లు కొట్టారు. యాదవ్వ అరచేతిలో పుట్నాలు పడ్డాయి. ఆమె వాటిని చూసింది. బిడ్డ మొహం చూసింది. నలభై ఏళ్లుగా ఆగని ఆ వేళ్లు ఆగిపోయాయి.

"నన్నేంది అడుగుడు," అంది యాదవ్వ. "నా బిడ్డను అడుగు."

తెర వెనక ప్రాంప్టరు కంగారుగా పేజీలు తిప్పాడు. ఆ మాట ఏ పేజీలోనూ దొరకలేదు. నలభై ఆరులోనూ ఎవరూ రాయలేదు, మొన్న సమితి సవరించినప్పుడూ ఎవరికీ తోచలేదు.

మొత్తం వ్యవహారంలో సాయిలతను అడగమని ఎవరో ఒకరు అనడం అదే మొదటిసారి. ఆమె లేచి నిలబడింది.

"మామా, ఇది బుక్కితే ఖాయమైనట్టేనా?"

"పది మంది ముంగట బుక్కినంక ఇగ ఎనకకు పోయేది లేదు బిడ్డా."

"ఎవలు బుక్కినా గంతేనా?"

"ఎవలు బుక్కినా గంతే. కులం కట్టుబాటు." పోచన్న ముందువరుస వైపు చూసి మీసం దువ్వాడు. ఐదు రుమాళ్లు అవునన్నట్టు ఊగాయి.

సాయిలత తన తల్లి అరచేతిలోని పుట్నాలు తిరిగి పళ్లెంలో పోసింది. పళ్లెం పోచన్న చేతిలోంచి తీసుకుంది. వెనక్కి తిరిగి కుర్చీల వరుస దగ్గరికి నడిచింది. పొద్దుట పది నుంచి ఏమీ తినని నలభై ఒక్కమంది ప్రముఖులు అక్కడ కూర్చుని ఉన్నారు. కృష్ణమోహన్ గారు రెండు పిడికిళ్లు తీసుకున్నారు. ముఖ్య అతిథి అలక మానేశాడు. విశిష్ట అతిథి, గౌరవ అతిథి, ఆత్మీయ అతిథి, ఎవరూ వద్దనలేదు. చివరి కుర్చీలో ఆయన పళ్లెం తన దాకా వస్తుందో రాదో అని లేచి వచ్చి మరీ తీసుకున్నాడు. నలభై ఒక్క నోళ్లు ఒక్కసారిగా బుక్కాయి.

"మామా," అంది సాయిలత, పళ్లెం తెచ్చి పోచన్న ముందు పెడుతూ. "నలభై ఒక్క సంబంధాలు ఖాయమైనయి. నీ కొడుకును ఏ ఇంటికి తోలుతవో ఇగ నువ్వే చూసుకో."

హాలు గొల్లున నవ్వింది. ఐదు రుమాళ్లలో ఒకటి నవ్వాపుకోలేక ఊడి కింద పడింది. పోచన్న ఏదో అనబోయాడు. అధ్యక్షులవారు ఖండించబోయారు. కానీ పుట్నాల పిండీ చక్కెరా కలిసి అంగిట్లో అతుక్కుంటే ఎంత పెద్ద పదవిలో ఉన్నవారికైనా మాట రాదు. సమితి చరిత్రలో నలభై ఒక్కమంది ప్రముఖులు ఒకే వేదిక మీద మౌనంగా ఉన్న ఘట్టం అదొక్కటే.

ఆ నిశ్శబ్దంలో గౌస్ హార్మోనియం మీద పదిహేనో పాట ఎత్తాడు.

పుస్తకం ప్రకారం అది నిరోష పాట. నిరోష తెర వెనక నుంచి పరుగున వచ్చి నిలబడింది. అక్క కోసం వదిలేస్తుందని మీరు అనుకుంటే సమితిలో మీకూ ఒక పదవి ఇప్పించవచ్చు. ఆమె వదల్లేదు. *బండి పోయిన పట్టాల మీద* అని గొంతెత్తి అందుకుంది. *దండ పడిన మెడకేం తెలుసు* అని సాయిలత అడ్డం పడి లాక్కుంది. నిరోష అక్కను కొరకొరా చూసి తర్వాతి చరణం ముందే ఎత్తుకుంది. సాయిలత అంతకంటే పై నుంచి అందుకుంది. ఎదురెదురుగా నిలబడి, చీర కొంగులు నడుముకు దోపుకుని, ఒకరి నోట్లోంచి ఒకరు గుంజుకుంటూ పాడారు. ఒక్క గొంతుకే ఇస్తానని దాచుకున్న గౌస్ మెట్ల మీద వేళ్లు పరుగెత్తిస్తూ, కళ్లు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక అలాగే వదిలేశాడు. పల్లవికి తిరిగొచ్చాక రెండో *గొంతుక నాదే* దగ్గర నిరోష ఆగింది. ఎవరూ పోలేని ఆ చోటికి సాయిలత పోయింది, కాసేపు అక్కడే నిలబడింది, తిరిగి వచ్చింది. యాదవ్వ ఉత్త చేతులతో గాలిలో బీడీలు చుడుతున్నది. సాయిలత జీవితంలో అంత సంతోషం ఎన్నడూ ఎరగదు.

మర్నాడు పత్రికలో నలభై ఒక్కమంది పేర్లూ హోదాల వారీగా వచ్చాయి. చివర, స్థానిక కళాకారులు కూడా పాల్గొన్నారని ఒక ముక్క ఉంది. పోచన్న కులపెద్దలను కూర్చోబెట్టి, ప్యాకెట్‌లో కొన్న పుట్నాలు కట్టుబాటు కిందికి రావని తీర్పు ఇప్పించుకున్నాడు. ముఖ్య అతిథి ఇంటివాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. ఉత్తమ నటుడి జ్ఞాపిక జీవన్‌కు ఇచ్చారు. అక్కాచెల్లెండ్లు తనను ఒకరికొకరు వదిలిపెట్టలేక ఊరందరికీ పంచిపెట్టారని, ప్రేమ అంటే అదని అతను ఇప్పటికీ ప్లాట్లు చూపిస్తూ చెబుతుంటాడు. సమితి పన్నెండవ సమావేశం జరిపి, ఓడిపోయిన ఆడపిల్ల అంత సంతోషంగా పాడడం సమాజానికి తప్పుడు సంకేతం పంపుతుంది గనుక వచ్చే ఏడాది ఆ పాటను నాటకంలోంచి తొలగించాలని తీర్మానించింది.

పాటకు ఈ తీర్మానం సంగతి తెలియదు. గాంధారి ఆటోల్లోనూ, లింగంపేట బీడీ చాటల ముందూ ఇప్పుడు దాన్ని పాడుతున్నారు. అక్కాచెల్లెండ్లు మాత్రం ఈసారి ముందు ఎత్తుకునేది ఎవరని కామారెడ్డి బస్సులో ఇంకా కొట్లాడుకుంటూనే ఉన్నారు. పక్కసీట్లోవాళ్లు అంతా విని, పాటెంత బాగుందో మెచ్చుకుని, గొంతు తగ్గించి ఒకే మాట అడుగుతారు. గదంతా సరేగని, ఇంతకూ జీవన్ ఎవరిని చేసుకుంటడు?

మీరూ ఆ మాట అడగడానికే ఇక్కడిదాకా చదువుకుంటూ వచ్చారని నాకు తెలుసు. పళ్లెం అడుగున ఇంకొక పిడికెడు మిగిలింది. నలభై రెండో సంబంధానికి చెయ్యి పట్టండి.